లుంగోవే పెట్టెలో ఉండిపోయిన మాత్రలు

వరద మైదానం మధ్య ఎత్తుగా లేచిన లియోంగా దిబ్బ మీది ఊళ్ళో లుంగోవే గొంతు వినబడగానే పసిబిడ్డల తల్లులందరూ ముందు బిడ్డ ముక్కు తుడిచేవారు. ఆ తరవాత తాగేనీళ్ళ కుండ మీద మూత ఉందో లేదో చూసుకునేవారు. మూత లేని కుండ కంటబడితే ఆమె ఊరుకునే మనిషి కాదు. "ఈ కుండ నీదా, ఈగలదా?" అని అడిగేది, పక్కింటికి కూడా వినబడేలా.

మనిషి పొడగరి. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ దిబ్బ మీద ఆడవాళ్ళలో అంత చదువు మరొకరికి లేదు. భర్త మూయుండాకి పది ఆవులుండేవి, మాట తక్కువ. లుంగోవే పెళ్ళయిన రెండేళ్ళకి ఆమె చెల్లెలు తొలికాన్పులో పోయింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఎద్దుల వెనక ఈడ్పుబల్ల కట్టి, దాని మీద చెల్లెల్ని పడుకోబెట్టి, ఆసుపత్రికని ఇసకలో పగలంతా లాక్కుపోయారు. సగం దారిలోనే అయిపోయింది. అప్పటికి లుంగోవేకి ఇరవై ఏళ్ళు. ఆ రోజు గురించి ఎవరితోనూ మాట్లాడేది కాదు. కానీ కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా బరువు మోస్తూ ఎదురైతే మాత్రం, మారుమాట లేకుండా నెత్తి మీది మూట లాక్కుని తన నెత్తిన పెట్టుకునేది.

వరద మైదానం అంచున గట్టు మీద ఒక చిన్న క్లినిక్కు ఉంది. లుంగోవేకి ముప్ఫై అయిదేళ్ళప్పుడు, అక్కడికి కొత్తగా వచ్చిన నర్సు మటోంగో ఒకసారి లియోంగాకి వచ్చి, ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి అడిగింది.

"మీ దిబ్బ నుంచి నాకొక మనిషి కావాలి. చదవడం రావాలి, నడవడం రావాలి, తిట్లు పడటం రావాలి."

ఊరి పెద్ద గడ్డం గోక్కుని, "తిట్లు పడటం రాదు గాని, తిట్టడం బాగా వచ్చిన మనిషి ఒకతి ఉందమ్మా," అన్నాడు. అందరూ ఫక్కున నవ్వి లుంగోవే వైపు తిరిగారు. ఆమె కూడా నవ్వింది. అలా ఆమె ఆరోగ్య కార్యకర్త అయింది.

ఆరు వారాల శిక్షణకి వెళ్ళి, భుజాన నీలం సంచీతో తిరిగొచ్చింది. తిండి చాలుతోందో లేదో తెలియడానికి పిల్లల జబ్బకి చుట్టి చూసే మూడు రంగుల పట్టీ, మలేరియా పరీక్ష సామాను, విరేచనాలకి ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు, ఒక లావుపాటి పుస్తకం అందులో ఉండేవి. జీతం లేదు. ఒక సైకిలు ఇచ్చారు. ఏడాదిలో ఆరు నెలలు ఊరి చుట్టూ నీళ్ళే కాబట్టి మూయుండా దాన్ని ఇంటి దూలానికి వేలాడదీశాడు.

"ఊళ్ళో పిల్లలందరి బరువూ నీ పుస్తకంలో ఉంది. ఇంట్లో మొగుడి బరువెంతో ఎప్పుడైనా రాశావా?" అనేవాడు అతను, పొయ్యి చల్లగా ఉన్న రోజుల్లో.

"రాయడం దేనికి? మంచం మూలుగుతోందిగా," అనేది లుంగోవే.

పని మాత్రం నిప్పులా చేసేది. రెండు వరదలు గడిచేసరికి విరేచనాలతో పిల్లలు చనిపోవడం దాదాపు ఆగిపోయింది. టీకాల రోజున పదిహేను మంది తల్లుల్ని రెండు పడవల్లో ఎక్కించి తనే ముందు పడవకి గెడ వేసుకుంటూ గట్టుకి తీసుకుపోయేది. నెలలు నిండే ముందే చూలాళ్ళని క్లినిక్కు పక్కన, కాన్పయ్యేదాకా ఉండే వసతి ఇంటికి పంపేది. మొదట్లో ఎవరూ వెళ్ళేవారు కారు. ఆమె నోటికి జడిసి కొందరూ, ఆమె మీద నమ్మకంతో కొందరూ వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళినవాళ్ళు బిడ్డల్ని ఎత్తుకుని క్షేమంగా తిరిగొస్తుంటే మిగిలినవాళ్ళకీ ధైర్యం వచ్చింది.

నెలకోసారి క్లినిక్కులో అన్ని దిబ్బల కార్యకర్తలూ కలిసేవారు. మటోంగో ఒక్కొక్క ఊరి పేరే చదివి, ఆ నెల ఇంట్లో జరిగిన కాన్పులు ఎన్నో చెప్పేది. ఒక దిబ్బలో రెండు, మరో దిబ్బలో నాలుగు. "లియోంగా, సున్నా," అనగానే అందరూ చప్పట్లు కొట్టేవారు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి, నాలుగేళ్ళు గడిచాయి. ఆ సున్నా అలాగే నిలిచింది. ఇంటికొచ్చేటప్పుడు పడవలో కూర్చుని లుంగోవే ఆ చప్పట్లని మళ్ళీ మళ్ళీ తలుచుకునేది. అందులో తప్పేమీ కనబడలేదు ఆమెకి. మొదట్లో ఆ సున్నా వెనక ఆమె చెల్లెలు ఉండేది. ఎప్పుడు పక్కకి తప్పుకుందో లుంగోవే గమనించలేదు.

లియోంగాలో నమటామా అనే ముసలమ్మ ఉండేది. మూయుండాకి మేనత్త. నలభై ఏళ్ళుగా మంత్రసాని. లుంగోవే ఇద్దరు కొడుకులూ ఆవిడ చేతుల్లోనే పుట్టారు. ఆ సున్నా మొదలవకముందే, మంత్రసానులు కాన్పులు చెయ్యకూడదని పైనుంచి మాట వచ్చింది. ఆ సంగతి ముసలమ్మ ఇంటికెళ్ళి, చాప మీద కూర్చుని, పెద్దల ముందు చేసే మర్యాదగా చేతులు తట్టి దణ్ణం పెట్టి మెల్లగా చెప్పవచ్చు. లుంగోవే అలా చెయ్యలేదు. ఊరంతా కూర్చున్న చోట నిలబడి చెప్పింది.

"అత్తా, ఇకనుంచి మీరు ఎవర్నీ ముట్టుకోకూడదు. మీ చేతిలో ఎవరికైనా ఏమైనా అయితే మీ పేరే పుస్తకంలో రాయాల్సొస్తుంది."

ముసలమ్మ కాసేపు తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఈ చేతులు నీకు పనికొచ్చినప్పుడు పుస్తకం లేదు కాబోలు," అంది. లేచి, దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎవరు పిలిచినా గడప దాటలేదు.

సున్నాకి నాలుగేళ్ళు నిండిన ఏడాది ఇంకో రెండు రోజుల శిక్షణ జరిగింది. మటోంగో చిన్న చిన్న పొట్లాలు పంచింది. ఒక్కో పొట్లంలో మూడు మాత్రలు.

"నీళ్ళు పొంగే కాలంలో అందరూ ఇక్కడికి రాలేరు. ఎనిమిదో నెల రాగానే ఈ పొట్లం చూలాలి చేతికే ఇచ్చెయ్యండి. దారి లేక ఇంట్లోనే కాన్పయితే, బిడ్డ బయటపడ్డాక, కడుపులో కవల బిడ్డ లేదని చూసుకుని, మూడూ వేసుకోవాలి. రక్తం పోవడం ఆగుతుంది. మీ దగ్గర దాచుకోకండి. మీ దగ్గరుంటే దానివల్ల ఎవరికీ లాభం లేదు," అని చెప్పింది.

లుంగోవేకి ఆరు పొట్లాలు ఇచ్చారు. ఇంటికి తెచ్చి రేకుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెని మంచం కిందకి తోసింది. మాత్రలు చేతికిస్తే ఇంట్లోనే కనమని తను చెప్పినట్టే కదా అనుకుంది. చేతిలో మందుంటే వసతి ఇంటికి ఎవరు పోతారు? వేళకి పంపేస్తే మాత్రల అవసరమే రాదు, తను పంపిస్తుంది. ఇలా అనుకుంది. మరో లెక్క కూడా మనసులో మెదిలింది, లియోంగా సున్నా ఏమవుతుందని. ఆ లెక్కని అప్పట్లో ఆమె తనకి తాను కూడా ఒప్పుకోలేదు.

ఆ సంవత్సరమే కాషింబికి మూడో కడుపు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, లుంగోవే ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. రెల్లుచాపలు అల్లేది, నవ్వితే చిగుళ్ళన్నీ కనబడేవి. భర్త సిత్వాలా ఎగువన చేపల వేటలో ఉన్నాడు, నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో నాలుగేళ్ళ కొడుకు, రెండేళ్ళ కూతురు. తల్లి గట్టు మీద ఎక్కడో దూరాన. వసతి ఇంట్లో ఉండాలంటే ఎవరి తిండి వాళ్ళే తెచ్చుకుని వండుకోవాలి, అక్కడ చోటు కూడా చాపంత.

నీళ్ళు అప్పుడే పొంగుతున్నాయి. నడవడానికి ఎక్కువ, పడవకి తక్కువ. రేవు దగ్గర పదిమంది ఆడవాళ్ళు గిన్నెలు తోముకుంటుంటే లుంగోవే కాషింబిని పట్టుకుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం? పోయినవారమే వెళ్ళమన్నానా?"

"వెళ్తానక్కా. ఆయన వచ్చాక పిల్లల్ని అప్పజెప్పి..."

"ఆయన వచ్చేదాకా కడుపులో బిడ్డ ఆగుతానందా?"

ఆడవాళ్ళు నవ్వారు. కాషింబి కూడా నవ్వబోయి ఆగింది.

"పిల్లలిద్దర్నీ ఎవరి దగ్గర పెట్టనక్కా? సంకటి ఎవరు వండిపెడతారు వాళ్ళకి? మీరైనా..."

"ఊళ్ళో అందరి పిల్లలకీ నేనే వండిపెట్టాలా? ఇది మూడోది కదా, ముందే తెలియదా నీకు? చూడు కాషింబీ, నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఒక్క కాన్పూ ఇంట్లో జరగలేదు. నీ పేరు మొదటి పేరుగా రాయించకు. ఊరందరి పరువూ తీసినదానివవుతావు."

కాషింబి తల దించుకుని గిన్నె రుద్దుతూ, "రాయించనక్కా," అంది.

కాషింబి ఇంటికి నాలుగిళ్ళ అవతల మంచం కింద పెట్టెలో ఆరు పొట్లాలున్నాయి. లుంగోవే గిన్నెలు కడుక్కుని ఇంటికొచ్చి, మధ్యాహ్నం చేపల కూర వండుకుంది. ఆ రోజు ఏం వండిందో కూడా ఆమెకి గుర్తుండిపోయింది.

వారం తరవాత, ఎనిమిది రోజులు ముందుగా, పొద్దున్నే కాషింబికి నొప్పులొచ్చాయి. ఆమె లుంగోవే ఇంటికి రాలేదు. ముసలి నమటామా ఇంటికి నడిచివెళ్ళి, దడి బయట మోకాళ్ళ మీద కూర్చుని చేతులు తట్టింది.

"అమ్మమ్మా, ఒక్కసారి రండి."

"నేను ముట్టుకోకూడదమ్మా. పుస్తకం తల్లి దగ్గరికి పో."

"ఆవిడ తిడుతుంది."

"తిడితే చావవుగా. పో తల్లీ, ఆలస్యం చెయ్యకు."

ముసలమ్మ ఆ మాట తరవాత ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చిందో చెప్పలేం. కాషింబి లేచి వెళ్ళింది. లుంగోవే ఇంటికి కాదు. తన ఇంటి వెనక చేపలెండబెట్టే పాకలోకి వెళ్ళి, తను అల్లిన చాప మీదే ఒంటరిగా ఆడపిల్లని కంది. బొడ్డు తనే కోసుకుంది. బిడ్డ ఏడుపు బయటికి వినబడకుండా రొమ్ముకి అదుముకుంది. సాయంత్రంలోగా పడవ ఎక్కి క్లినిక్కుకి పోతే దారిలో కన్నానని చెప్పవచ్చు, ఊరి పేరు చెడదు. ఇదీ ఆమె ఆలోచన. రక్తం చాప దాటి మట్టిలోకి ఇంకుతున్నప్పుడు పక్కింటావిడ చూసింది. ఆవిడకి కాషింబి మొదట చెప్పిన మాట, "లుంగోవే అక్కకి చెప్పకండి," అని.

లుంగోవే పరుగున వచ్చింది. ఒక్క చూపులో అంతా అర్థమైంది. మళ్ళీ ఇంటికి పరుగెత్తి, మంచం కింద నుంచి పెట్టె లాగింది. తుప్పుపట్టిన మూత రాలేదు. రాయితో కొట్టి తెరిచింది. మాత్రలు తెచ్చి కాషింబి నాలుక కింద పెట్టేసరికి ఆ పిల్ల పెదాలు బూడిద రంగుకి తిరిగాయి.

మూయుండా పడవ తెచ్చాడు. కాషింబిని ఎత్తి పడుకోబెడుతుంటే, నమటామా నడుముకి గుడ్డ బిగించుకుంటూ రేవులోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. మోకాలిలోతు నీళ్ళలోకి దిగి పడవెక్కి, కాషింబి పొత్తికడుపు మీద రెండు చేతులూ అదిమి, గట్టిగా పిసకడం మొదలుపెట్టింది.

"చూస్తావేం? గెడ వెయ్యి!" అని లుంగోవే మీద అరిచింది.

మూయుండా ముందు, లుంగోవే వెనక, గెడలు వేశారు. పక్కింటావిడ బిడ్డని గుడ్డలో చుట్టి పట్టుకుంది. జమ్ము దుబ్బులు అడ్డుపడుతున్నాయి. నీళ్ళు చాలని చోట ఇద్దరూ దిగి పడవని ఈడ్చారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కాషింబి ఒకసారి కళ్ళు తెరిచి, "రాశారా అక్కా?" అంది.

"లేదు తల్లీ. రాయలేదు. ఏమీ రాయను," అంది లుంగోవే.

ఇంకో గంట ప్రయాణం మిగిలి ఉండగా నమటామా చేతులు ఆగిపోయాయి. ఆవిడ కాషింబి కళ్ళు మూసింది. మూయుండా గెడని నీళ్ళలో గుచ్చి దానికి ఆనుకుని నిలబడ్డాడు. బిడ్డ ఆకలికి ఏడవడం మొదలుపెట్టింది.

క్లినిక్కులో మటోంగో పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, చాలాసేపు లుంగోవే మొహం చూసింది.

"మీరు బయలుదేరి వస్తున్నారు. దారిలో పోయింది. అలా రాసినా అబద్ధం కాదు," అంది జాలిగా.

"ఇంట్లో కన్నది. అలాగే రాయండి. మాత్రలు నా దగ్గరే ఉన్నాయి, నేను ఇవ్వలేదు. అది కూడా రాయండి."

"దానికి ఇందులో గడి లేదు లుంగోవే."

"అయితే పక్కన రాయండి."

మటోంగో పక్కన రాసింది. తనూ తప్పు చేశానని అప్పుడే అంది. ప్రతి నెలా ఆ సున్నా చదివి చప్పట్లు కొట్టించింది తనే కదా. ఆ తరవాత ఆ జాబితా గట్టిగా చదవడం మానేసింది. కానీ ఒకరు తమ తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఇంకొకరి బరువు తగ్గదు.

నెల్లాళ్ళ తరవాత లుంగోవే నమటామా దడి బయట మోకాళ్ళ మీద కూర్చుని చేతులు తట్టింది.

"లోపలికి రా. అక్కడ కూర్చుంటే కోళ్ళు బెదురుతున్నాయి," అంది ముసలమ్మ లోపలి నుంచి.

"అత్తా, ఆ రోజు అందరిలో నేనన్న మాట..."

"నువ్వన్నావు, నేను పట్టుకు కూర్చున్నాను. ఆ పిల్లని నేనూ పంపేశాను కదే. నువ్వు నా దగ్గరికొచ్చి ఏడుస్తావు, నేనెవరి దగ్గరికి పోను?"

ఇద్దరూ పులిసిన పాలతో సంకటి తిన్నారు. క్షమించానన్న మాట ఆవిడ అనలేదు, లుంగోవే అడగలేదు. కానీ మర్నాటి నుంచి చూలాళ్ళతో పాటు వసతి ఇంటికి ముసలమ్మే వెళ్ళేది, పక్కనే చాప వేసుకునేది. ఆరు పొట్లాల్లో మిగిలిన అయిదూ ఆ వారంలోనే అయిదుగురి చేతుల్లోకి వెళ్ళాయి. వసతి ఇంటికి వెళ్ళే తల్లి పిల్లలకి వంతులవారీగా ఇంటికో పూట సంకటి పెట్టాలని ఊరి పెద్దతో చెప్పించింది లుంగోవే. తొలివంతు తనే తీసుకుంది. ఇది ఇంత తేలికగా అయ్యే పనా అని, ఆ పిల్లలకి ముద్దలు పెడుతున్నప్పుడల్లా అనుకునేది.

సిత్వాలాకి మాత్రం చెప్పలేకపోయింది. వేట నుంచి వచ్చినవాడు అన్నీ విని, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చేతులు తట్టాడు. "నా భార్య కోసం మగవాడిలా గెడ వేశారట. మీ అరచేతులు బొబ్బలెక్కాయట," అన్నాడు. ఆమె అరచేతులు వెనక్కి దాచుకుంది. బిడ్డకి లిసేలి అని పేరు పెట్టారు. అమ్మమ్మ దగ్గర పెరిగింది. ప్రతి వేటకాలం చివరా సిత్వాలా ఎండుచేపల కట్ట ఒకటి తెచ్చి లుంగోవే గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. మూయుండా తినేవాడు. ఆమె ముట్టేది కాదు.

అయిదేళ్ళ తరవాత కొత్త కార్యకర్తలకి శిక్షణ జరుగుతుంటే మటోంగో ఆమెని పిలిచింది. మాత్రల గురించి చెబుతుండగా చురుకైన అమ్మాయి ఒకతె లేచి, "చేతికిచ్చేస్తే క్లినిక్కుకి రావడం మానేస్తారేమో కదండీ?" అని అడిగింది. లుంగోవే కాషింబి పేరు చెప్పి, జరిగిందంతా చెప్పింది, పెట్టె మూత రాక రాయితో కొట్టిన సంగతితో సహా. ఆ గదిలో ముప్ఫై మంది ముక్కూ మొహం తెలియనివాళ్ళు. తిరుగు పడవలో ఆమెకి తట్టింది, ముప్ఫై మంది పరాయివాళ్ళకి చెప్పగలిగిన మాట చెప్పాల్సిన ఒక్కడికి ఇంతవరకూ చెప్పలేదని.

సిత్వాలా ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. అతను వింటూ వల కళ్ళు ముడివేస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక తల ఎత్తాడు.

"పెట్టె ఎక్కడుండేది?"

"మా ఇంట్లో. మంచం కింద."

"మీ ఇంటికీ మా ఇంటికీ ఎన్ని అడుగులుంటాయి?"

లుంగోవే తన ఇంటి వైపు చూసింది.

"మీరు చేసినవి నేను మర్చిపోనండి. నా పెద్ద పిల్లలిద్దరూ మీ చేతి మందుతో బతికినవాళ్ళే," అన్నాడు సిత్వాలా వల పక్కన పెట్టి. "కానీ ఇకనుంచి మీకు ఎదురుపడితే ఏమని పలకరించాలో నాకు తెలియదు. లిసేలికి నేను చెప్పను. అది ఎదిగాక మీరే చెప్పండి. నా నోటితో వద్దు."

మరుసటి ఏడాది అతను వేరే దిబ్బకి మారిపోయాడు.

లుంగోవేకి ఇప్పుడు యాభై రెండేళ్ళు. సంచీ ఇంకా ఆమె భుజానే ఉంది. గొంతు కాస్త తగ్గింది. కుండ మూత లేకపోతే ఇప్పుడు తనే వెతికి తెచ్చి పెడుతోంది, కోపం వస్తే ఆ తరవాత నెమ్మదిగా రెండు మాటలంటోంది. నమటామా పోయి రెండేళ్ళయింది. లిసేలికి పదకొండేళ్ళు. గట్టు మీది బడిలో చదువుతోంది. టీకాల రోజున క్లినిక్కుకి వస్తే పరుగెత్తుకొచ్చి లుంగోవే సంచీ అందుకుని మోస్తుంది. తల్లిలాగే చిగుళ్ళు కనబడేలా నవ్వుతుంది. "మా అమ్మ ఎలా ఉండేది పెద్దమ్మా?" అని ప్రతిసారీ అడుగుతుంది. లుంగోవే చాపల గురించి చెబుతుంది, నవ్వు గురించి చెబుతుంది. మిగిలింది చెప్పడానికి పిల్ల ఇంకా చిన్నదని కిందటేడు అనుకుంది. ఈ ఏడు కూడా అలాగే అనుకుంది.